వారమిచ్చిన ఇల్లు

నిరుడు చలికాలంలో మా మనవరాలు స్పెయిన్‌లోని సాలమాంకా నుంచి ఫోన్ చేసింది. ఉద్యోగం కోసం స్పానిష్ నేర్చుకోవలసి వచ్చి మూడు నెలలకని వెళ్ళింది. ఉండేది హాస్టల్లో కాదు, ఒకరింట్లో. ఆ ఇంటావిడ నాకంటే నాలుగేళ్ళు చిన్న. భర్త పోయారు, పిల్లలు వేరే ఊళ్ళలో ఉన్నారు. భాష నేర్చుకోవడానికి వచ్చిన పిల్లలకి ఒక గది ఇచ్చి, మూడు పూటలా తిండి పెడుతుంది. అందుకు డబ్బు తీసుకుంటుంది.

"అమ్మమ్మా, ఇక్కడ పగటి భోజనం రెండున్నరకి. తిన్నాక ఎవరూ లేవరు. బల్ల దగ్గరే కూర్చుని గంటసేపు కబుర్లు చెప్పుకుంటారు. దానికో పేరు కూడా ఉంది, సోబ్రెమెసా అంటారు. క్లాసులో కంటే ఆ గంటలోనే నాకు మాట ఎక్కువ వచ్చింది" అంది. ఆవిడ వండే లెంతేహాస్ అనే పప్పు గురించి చెప్పింది. ఇంగువ పోపు లేకపోయినా మనింటి పప్పే గుర్తొస్తుందట. చివర్లో గొంతు తగ్గించి, "మొదటి వారం మారు అడగడానికి మొహమాటపడి రోజూ సగం ఆకలితోనే పడుకున్నాను" అంది.

ఆ మాట వినగానే నాకు మా నాన్నగారు గుర్తొచ్చారు. ఆయన కూడా అలాగే పడుకున్నారు. విజయనగరంలో, 1933లో.

ఇప్పటి పిల్లలకి 'వారాలు' అంటే ఏడు రోజుల లెక్క మాత్రమే. మా చిన్నప్పుడు ఆ మాటకి ఇంకో అర్థం ఉండేది. చదువుకోవడానికి పరాయి ఊరు వచ్చిన పేద పిల్లవాడికి ఒక ఇల్లు ఆదివారం అన్నం పెట్టేది, ఇంకో ఇల్లు సోమవారం పెట్టేది. అలా ఏడు రోజులకి ఏడు ఇళ్ళు. దాన్ని వారాలు చేసుకోవడం అనేవారు. ఆ కుర్రవాడు వారాలబ్బాయి. అన్నం పెట్టే ఇల్లు 'వారం ఇచ్చిన' ఇల్లు. ఒక్కొక్క ఇంటికి వారానికి ఒక్క రోజే కనుక ఎవరికీ బరువయ్యేది కాదు. ఏడు ఇళ్ళూ కలిస్తే ఒక పిల్లవాడి చదువు సాగిపోయేది.

వారాలు కుదుర్చుకోవడం చిన్న పని కాదు. ఊళ్ళో అడుగుపెట్టగానే తెలిసిన ఒక పెద్దమనిషిని పట్టుకోవాలి. ఆయన పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని వీధి వీధీ తిరిగి, ఫలానా వారి అబ్బాయి, బుద్ధిమంతుడు, చదువుకుంటానంటున్నాడు అని చెప్పాలి. ఇంటి యజమాని సరేనన్నా లోపలి నుంచి ఇల్లాలు సరేననాలి. పడక మరో చోట, ఎవరి అరుగు మీదనో, ఏ గుడి మండపంలోనో. చదువు వీధిదీపం కింద. వారమిచ్చిన ఇంట్లో తద్దినం వచ్చినా, మైల వచ్చినా, ఇంటిల్లిపాదీ ఊరెళ్ళినా ఆ రోజు నాగా. నాగా పడిన రోజు మంచినీళ్ళతో గడిచిపోయేది.

మా నాన్నగారు విజయనగరం సంస్కృత కళాశాలలో నాలుగేళ్ళు అలా చదివారు. ఆయన దగ్గర ఎర్ర అట్ట ఉన్న చిన్న పుస్తకం ఒకటి ఉండేది. మొదటి పేజీలో ఏడు ఇళ్ళ జాబితా. ఆదివారం, అయ్యకోనేరు గట్టు మీద ప్లీడరు గారిల్లు. సోమవారం, మూడులాంతర్ల దగ్గర సందులో రెండో ఇల్లు. మంగళవారం, గంటస్తంభం వెనకాల పిన్నిగారు. ఇలా శుక్రవారం దాకా రాసి, శనివారం దగ్గర ఖాళీ. ఆ ఖాళీ నెలా పదిహేను రోజులు అలాగే ఉంది. శనివారాలు నానేసిన అటుకులు, రెండు పచ్చిమిరపకాయలు. ఆ తర్వాత వేరే సిరాతో ఒక ఇల్లు రాసి ఉంటుంది. ఆ ఇంట్లో వాళ్ళకి శనివారం ఒంటిపూట కనుక రాత్రి అన్నం ఉండదు, మినపరొట్టె ఉంటుంది. ఆ రొట్టె రుచి ఆయన జీవితాంతం చెప్పారు.

ఆ జాబితాలో నన్ను ఇప్పటికీ బాధించేది ఒకటుంది. మగవాళ్ళకి కనీసం వృత్తి అయినా ఉంది, ప్లీడరు గారు, పోస్టుమాస్టరు గారు అని. అన్నం వండి, వడ్డించి, ఎంగిలి విస్తరి ఎత్తిన ఆడవాళ్ళకి పేరు లేదు. పిన్నిగారు, అత్తయ్యగారు, మామ్మగారు. అంతే.

మా ఇంటి సంగతి చెబుతాను. అనకాపల్లిలో మా పాత ఇల్లు శారదానదికి పోయే దారిలో ఉండేది. మా మామ్మ గురువారం ఇచ్చింది. నాకు బుద్ధి తెలిసేసరికి, అంటే 1958, 59 ప్రాంతాల్లో, మాడుగుల వైపు పల్లె నుంచి వచ్చిన ఒక కుర్రవాడు ప్రతి గురువారం మా ఇంట్లో తినేవాడు. పట్నంలో హైస్కూలు చదువు. తండ్రి లేడు. వీధి గుమ్మంలో నిలబడి ఎవరైనా పిలిచేదాకా లోపలికి వచ్చేవాడు కాదు. ఒకరోజు నేను "మామ్మా, గురువారం వచ్చాడు" అని కేకేశాను. మామ్మ వంటింట్లోంచి వచ్చి నా చెవి పట్టుకుంది. "వాడికి వాళ్ళమ్మ పేరు పెట్టింది. ఆ పేరుతో పిలు" అంది. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ అతన్ని వారం పేరుతో పిలవలేదు.

మామ్మకి కొన్ని నియమాలుండేవి. వారాలబ్బాయికి వడ్డించేటప్పుడు 'కావాలా' అని అడగకూడదు. అడిగితే వద్దంటాడు. గరిటె పట్టుకెళ్ళి వేసేయాలి. నెయ్యి మా విస్తట్లో ఎంత పడితే అతని విస్తట్లోనూ అంతే పడాలి. అతను తింటుండగా ఇంటి ఖర్చుల గురించి మాట్లాడకూడదు. బియ్యం ధర పెరిగిందన్న మాట అతని చెవిన పడకూడదు. తిని లేచాక చదువు గురించి ఒక్క ప్రశ్న వేయాలి. ఆ ఒక్క ప్రశ్నతో అతనికి తాను అన్నానికి వచ్చినవాణ్ణి కాననీ, చదువుకి వచ్చినవాణ్ణనీ తెలుస్తుందని మామ్మ చెప్పేది. ఆవిడకి అక్షరం ముక్క రాదు.

సంక్రాంతి వెళ్ళాక ఊరంతా కొత్త బెల్లం వాసన వేసేది. చుట్టుపక్కల ఊళ్ళ గానుగల నుంచి బళ్ళ మీద దిమ్మలు మార్కెట్టుకి దిగేవి. ఆ రోజుల్లో మామ్మ అతను వెళ్ళేటప్పుడు అరచేతిలో ఒక బెల్లపు గడ్డ పెట్టేది, సాయంత్రం ఆకలేస్తే నోట్లో వేసుకోమని. అతను మా ఇంట్లో తిన్న అన్నానికి ప్రతిగా ఏమిచ్చాడని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబుంది. నాకు మాట ఇచ్చాడు. మేము 'ఏమిటి' అనేచోట అతను 'ఏటి' అనేవాడు. మా ఇంట్లో రాగులు, అతని నోట్లో చోళ్ళు. కొండకింది పల్లెల్లో చెట్లకీ పిట్టలకీ ఉన్న పేర్లు నేను అతని దగ్గరే విన్నాను. నేను పెద్దయ్యాక తెలుగు పంతులమ్మనయ్యాను. నా మొదటి పాఠం ఆ గురువారపు వసారాలోనే జరిగిందని ఇప్పుడు తెలుస్తోంది.

ఈ ఆచారం ఎంత పాతదో చెప్పాలంటే మా ఊరి పక్కనే ఉన్న కొండ ఎక్కాలి. అనకాపల్లికి కూతవేటు దూరంలో శంకరం అనే పల్లె ఉంది. సంఘారామమనే మాటే శంకరమైందని చరిత్రకారులు చెబుతారు. అక్కడ బొజ్జన్నకొండ, లింగాలకొండ అని రెండు కొండలున్నాయి. 1906లో అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వకాలు మొదలుపెట్టాడు. తవ్వితే స్తూపాలు, చైత్యాలు, భిక్షువులు ఉండి చదువుకున్న వరస గదులు బయటపడ్డాయి. శాతవాహనుల సీసపు నాణెం, సముద్రగుప్తుడి బంగారు నాణెం దొరికాయి. ఆ గదుల్లో ఉన్నవాళ్ళకి అన్నం ఊరు పెట్టేది. బౌద్ధ భిక్షువు వంట చేసుకోడు. పొద్దున్నే పాత్ర పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళి, గడప గడపనా పెట్టింది తీసుకుని, మధ్యాహ్నం లోపల తిని చదువులో కూర్చుంటాడు. అంటే మా శారద ఒడ్డున పదిహేను వందల ఏళ్ళ కిందటే ఊరి ఇళ్ళు అన్నం వండాయి, కొండ మీద చదువు నడిచింది.

పరదేశి ఇక్కడికి వచ్చి ఉండి నేర్చుకోవడం కూడా కొత్త కాదు. చైనా నుంచి వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ ఏడో శతాబ్దంలో మన ధాన్యకటకంలో, అంటే ఇప్పటి అమరావతి ప్రాంతంలో, కొన్ని నెలలు ఆగిపోయాడు. సుభూతి, సూర్య అనే ఇద్దరు భిక్షువుల దగ్గర మహాసాంఘికుల అభిధర్మ గ్రంథాలు చదువుకున్నాడు. ఊరకే చదవలేదు, తనకి వచ్చిన శాస్త్రాలు వాళ్ళకి చెప్పాడు. ఇచ్చిపుచ్చుకున్నారు.

వైదిక సంప్రదాయంలో ఉపనయనమైన వటువు మొట్టమొదటి భిక్ష తల్లి దగ్గర అడుగుతాడు. ఇంటి గడప దాటి పక్క గడపకి వెళ్ళడానికి అది అభ్యాసం. ఇల్లిల్లూ తిరిగి జోలెలో అన్నం తెచ్చుకుని చదువుకోవడాన్ని మధుకరం అన్నారు. మధుకరమంటే తేనెటీగ. ఏ పువ్వునీ నొప్పించకుండా, ఒక్క పువ్వు మీదే ఆధారపడకుండా కొంచెం కొంచెం పోగుచేసుకుంటుంది. వారాలు దాని తర్వాతి మెట్టని నా అభిప్రాయం. మధుకరంలో పిల్లవాడు గడప బయట నిలబడతాడు. వారాల్లో గడప దాటి పీట మీద కూర్చుంటాడు. ఆ రెండడుగుల దూరం చాలా పెద్దది.

మా ఉత్తరాంధ్ర పిల్లలకి చదువంటే విజయనగరం. పూసపాటి రాజులు 1857లో పెట్టిన బడి 1879లో కళాశాల అయింది. ఇంగ్లీషు, సంస్కృతం, ఆ తర్వాత సంగీతం, ఏది కావాలన్నా దారి అటే. మా అనకాపల్లి జిల్లాలోని రాయవరంలో, అమ్మమ్మగారింట్లో 1862లో పుట్టిన గురజాడ అప్పారావు గారు తండ్రి పోయాక విజయనగరం చేరారు. కళాశాల ప్రిన్సిపాలు చంద్రశేఖర శాస్త్రి గారు ఆ పిల్లవాడికి ఉచితంగా తిండి, బస ఇచ్చారు. ఆ పిల్లవాడే 1882లో మెట్రిక్యులేషన్, 1886లో బి.ఏ. పాసయ్యాడు. తర్వాత తెలుగుకి ఏమిచ్చాడో చెప్పనక్కర్లేదు. ఆ ఇల్లు తలుపు తీయకపోతే ఏమయ్యేదని ఆలోచిస్తే నాకు భయం వేస్తుంది.

ఘంటసాల వెంకటేశ్వరరావు గారి కథ చాలామందికి తెలుసు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. సంగీతం నేర్చుకోవాలని వేలి ఉంగరం అమ్ముకుని గుడివాడ ప్రాంతం నుంచి విజయనగరం వచ్చారు. వచ్చేసరికి 1919లో వెలిసిన మహారాజావారి సంగీత కళాశాలకి వేసవి సెలవులు. జోలె భుజాన వేసుకుని మధుకరం ఎత్తి గుడిలో తలదాచుకున్నారు. సాలూరు చిన గురువుగారని పేరుపొందిన పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయన్ని దగ్గరికి తీసి, డబ్బు పుచ్చుకోకుండా పాఠం చెప్పారు. కళాశాలలో చేరాక మహారాజావారి సత్రంలో ఉచిత భోజనం దొరికింది. తెలుగువాళ్ళు తరాలుగా వింటున్న ఆ గొంతుని మొదట బతికించింది విజయనగరం వీధుల్లో ఇల్లాళ్ళు జోలెలో వేసిన ముద్ద.

డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఇళ్ళు కూడా ఉండేవి. పూటకూళ్ళ ఇళ్ళు అనేవారు. వాటిని నడిపినవాళ్ళలో చాలామంది మగదిక్కు లేని ఆడవాళ్ళు. 1892లో ఆడి, 1897లో అచ్చయిన గురజాడ గారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ పాత్ర ఊరికే రాలేదు. ఆమె విజయనగరం వీధిలోంచే నాటకంలోకి నడిచి వచ్చింది. టంగుటూరి ప్రకాశం గారి తల్లి భర్త పోయాక ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచారు. ఆ పని అప్పట్లో తక్కువగా చూసేవారు. నాకు అలా అనిపించదు. సాలమాంకాలో మా మనవరాలికి వండిపెట్టిన ఆవిడా డబ్బు తీసుకుంది. డబ్బు వంట సరుకులకీ గదికీ. తిన్నాక బల్ల దగ్గర కూర్చుని తప్పులు దిద్దుతూ గంటసేపు మాట్లాడినదానికి వెల ఎవరు కట్టగలరు?

ఇది మన ఒక్కరి ఆచారమే అనుకునేదాన్ని. కాదు. తూర్పు యూరపులో యూదుల పిల్లలు వేదపాఠశాలల్లాంటి తమ యెషీవాల్లో చదువుకోవడానికి పరాయి ఊళ్ళు వెళ్ళేవారు. ఆదివారం ఒక ఇల్లు, సోమవారం ఒక ఇల్లు, అచ్చంగా మన లెక్కే. ఇద్దిష్ భాషలో దానికి 'ఎస్సెన్ టెగ్' అని పేరు. రోజులు తినడమని అర్థం. మనం వారాలు చేసుకోవడమన్నాం, వాళ్ళు రోజులు తినడమన్నారు. ఒకరి ముఖం ఒకరు చూడని రెండు జాతులు ఒకే ఆకలికి ఒకే ఉపాయం కనిపెట్టాయి. ఇక మా మనవరాలు ఉన్న సాలమాంకా విశ్వవిద్యాలయం 1218లో పుట్టింది. అక్కడ పాతకాలంలో పేద విద్యార్థులు మఠాల గుమ్మాల దగ్గర పోసే సూపు తాగి చదువుకునేవారు. వాళ్ళని సోపిస్తాలు అనేవారు. వీధుల్లో పాట పాడి కడుపు నింపుకునేవారు. చెక్క చెంచా వాళ్ళ గుర్తు. వాళ్ళ చెక్క చెంచా, మన జోలె, రెండూ చదువు చేతిలోవే.

ఇక్కడే ఒక మనిషి గురించి చెప్పాలి. ఆయన ఈ ఆచారాన్ని తలకిందులు చేశారు. గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టారు. తండ్రి మా చోడవరంలో ఉద్యోగం చేస్తూ జ్వరంతో 1875లో పోయారు. బంధువుల పంచన ఉండి చదువుకుని, 1879లో మెట్రిక్యులేషన్ పాసై, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేరారు. అక్కడికి దగ్గరి కొండల్లో సవరలనే ఆదివాసులున్నారు. వాళ్ళ భాషకి పుస్తకం లేదు, వ్యాకరణం లేదు. నేర్పే బడి అసలే లేదు. రామమూర్తి గారు ఏం చేశారంటే, తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని తన ఇంట్లోనే పెట్టుకున్నారు. విద్యార్థి గురువు ఇంట్లో ఉండటం లోకరీతి. ఇక్కడ గురువు వచ్చి విద్యార్థి ఇంట్లో ఉన్నాడు. పై కులంలో పుట్టిన బడిపంతులు కొండ భాషకి శిష్యుడయ్యాడు.

ఏళ్ళ తరబడి అలా నేర్చుకున్నారు. సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే పాఠాలు రాశారు, బడులు పెట్టించారు. ప్రభుత్వం 1913లో రావు బహద్దూర్ బిరుదిచ్చింది. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. కొండల్లో తిరిగితే మలేరియా పట్టుకుంది. దానికి మింగిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. చెవితో ఒక భాషని పట్టుకున్న మనిషి ఆ భాష కోసమే చెవులు పోగొట్టుకున్నారు. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి ఆగుతుంది.

వాడుక తెలుగు ఉద్యమానికి కూడా పరదేశి ఒకడు కారణమయ్యాడు. 1907లో మా ప్రాంతానికి బడుల ఇన్‌స్పెక్టరుగా జె.ఏ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర వచ్చాడు. వీధిలో జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో నేర్పే తెలుగు ఇంకొకటి కావడం చూసి ఆశ్చర్యపోయాడు. విశాఖపట్నంలో మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారిని ఇదేమిటని అడిగాడు. ఆయన గురజాడ, గిడుగుల్ని పరిచయం చేశారు. నలుగురూ కలిసి ఆలోచించారు. మనం పుట్టినప్పటి నుంచి మాట్లాడే తెలుగే బడిలోకీ రావాలన్న పోరాటం అలా ఊపందుకుంది. ఇంటి భాష విలువ ఇంటివాళ్ళ కంటే అతిథికి ముందు కనిపించింది. గిడుగు పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. ఆ రోజు సభల్లో పద్యాలు చదువుతాం. ఆయన ఇంట్లో ఉండి భాష నేర్పిన ఆ మనిషిని కూడా తలుచుకోవాలని నా కోరిక.

వారాల గురించి ఇంత ప్రేమగా రాస్తూ ఒక నిజం దాచడం తప్పు. ఆ ఏడు గడపలూ అందరికీ తెరుచుకోలేదు. వారాలిచ్చింది ఎక్కువగా బ్రాహ్మణ ఇళ్ళు, తిన్నది బ్రాహ్మణ పిల్లలు. మా ఊరి గవరపాలెంలో రైతు బిడ్డకి ఆ పీట దొరకలేదు. వాళ్ళ పిల్లలు పట్నంలో చదవాలంటే చుట్టాలింటికి ఇంత బియ్యమో బెల్లమో పంపి, అక్కడ పెట్టుకునేవారు. మాలమాదిగల పిల్లవాడికి గుమ్మమే కాదు, వీధే మూసి ఉంది. కొండ దిగిన పిల్లవాడి సంగతి అడగనే వద్దు. ఆడపిల్లకి ఏ ఇల్లూ వారమివ్వలేదు. మా మేనత్త అయిదో తరగతితో ఆపేసింది. ఆవిడకి మా నాన్నగారి కంటే జ్ఞాపకశక్తి ఎక్కువని ఆయనే చెప్పేవారు. మా మామ్మ ఎంత మంచిదైనా ఆవిడ గురువారం ఒక్క కులానికే ఇచ్చిన గురువారం. ఆవిడ మీద నాకున్న గౌరవం తగ్గకుండానే ఈ మాట రాస్తున్నాను.

ఆ తలుపు తెరిచింది ఇళ్ళు కాదు, హాస్టళ్ళు. హైదరాబాదులో 1918లో రెడ్డి హాస్టల్ వచ్చింది. ఒక్కో కులం పెద్దలు తమ పిల్లల కోసం వసతిగృహాలు కట్టుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు తెరిచింది. పి.వి. నరసింహారావు గారి హయాంలో 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల మొదలైంది. మా అనకాపల్లిలో బెల్లం వర్తకుల సంఘమే కళాశాల స్థాపించింది. దాని పేరులోనే వర్తకుల సంఘం ఉంది. నేను బడిలో పాఠం చెప్పిన ముప్పై నాలుగేళ్ళలో నా దగ్గర బాగా చదివిన పిల్లల్లో సగం మంది హాస్టల్ పిల్లలు. ఎవరి దయా అక్కర్లేకుండా హక్కుగా తిని చదువుకున్నారు. అది వారాల కంటే గొప్ప సంగతి. 1960లు దాటేసరికి మా ఊళ్ళో వారాలబ్బాయి కనబడటం మానేశాడు. మానేయడమే మంచిది.

అయినా ఒకటి పోయింది. హాస్టల్ అన్నం పెడుతుంది. తిని లేచాక చదువు గురించి ఆ ఒక్క ప్రశ్న వేయడానికి అక్కడ మామ్మ లేదు.

నాన్నగారు రిటైరయ్యాక, 1980లో, ఆ ఎర్ర అట్ట పుస్తకం పట్టుకుని విజయనగరం వెళ్దామన్నారు. నేనూ వెంట వెళ్ళాను. ఏడిళ్ళలో మూడే మిగిలాయి. రెండింట్లో కొత్తవాళ్ళున్నారు. గంటస్తంభం వెనకాల మంగళవారం పిన్నిగారు మాత్రం ఉన్నారు. డెబ్భై అయిదేళ్ళు పైబడ్డాయి, చూపు ఆనడం లేదు. నాన్నగారు పాదాలకి దండం పెట్టి, 1933 నుంచి నాలుగేళ్ళు మీ ఇంట్లో మంగళవారాలు తిన్నానని చెప్పారు. ఆవిడకి గుర్తు రాలేదు. "ఎంతమందో తినేవారు బాబూ" అన్నారు. తర్వాత, "ఇవాళ భోంచేశారా?" అని అడిగారు. నాన్నగారు ఏడ్చారు. ఆయన ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. వచ్చేముందు ఆవిడ పేరు అడిగి ఆ పుస్తకంలో, నలభై ఏడేళ్ళ కిందటి 'పిన్నిగారు' పక్కన, రాసుకున్నారు. ఆ జాబితాలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి పేరు అది.

మా మనవరాలు తిరిగి వచ్చేముందు ఆ సాలమాంకా ఆవిడ పేరు, చిరునామా, పుట్టినరోజు నాకు పంపమన్నాను. పంపింది. ఆ పుస్తకంలోనే మరో పేజీలో రాసి పెట్టాను.

ఇప్పుడు మా ఇంటికి ఆదివారం ఒక అమ్మాయి వస్తోంది. అరకు వైపు నుంచి వచ్చి అనకాపల్లిలో నర్సింగ్ చదువుతోంది. ముగ్గురు పిల్లలు కలిసి ఒక గది అద్దెకి తీసుకున్నారు. వాళ్ళింట్లో మాట్లాడేది ఆదివాసీ ఒడియా. మా వీధి చివర దుకాణంలో ఎవరో ఆమె తెలుగు యాసకి నవ్వితే తల వంచుకుని వెళ్ళిపోవడం చూశాను. మర్నాడు పిలిచి ఆదివారం భోజనానికి రమ్మన్నాను. మొదటి రెండు వారాలు మాట్లాడలేదు. మూడో వారం నేనే అడిగాను, మంచినీళ్ళని మీ ఇంట్లో ఏమంటారని. "పాణి" అంది. ఆ రోజు నుంచి ఆదివారం మా ఇంట్లో మంచినీళ్ళు పాణి. ఆమెకి నేను పరీక్ష తెలుగు దిద్దుతాను, నాకు ఆమె వాళ్ళ మాటలు దిద్దుతుంది. ఇప్పటికి అరవై మాటలు నేర్చుకున్నాను. నా వయసు డెబ్భై రెండు. మామ్మ నేర్పినట్టే కావాలా అని అడగకుండా వడ్డిస్తున్నాను.

ఇది చదువుతున్న తల్లులకీ అయ్యలకీ ఒక మనవి. మన ఊళ్ళన్నిటికీ చదువుల కోసం పిల్లలు వస్తున్నారు. పాడేరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బీహార్ల నుంచి వస్తున్నారు. వాళ్ళకి తిండి దొరుకుతోంది, ఇల్లు దొరకడం లేదు. మీ ఇంట్లో వారానికి ఒక్క పూట ఒక పిల్లకో పిల్లవాడికో ఇవ్వండి. కులం అడక్కండి. పేరు అడగండి, పేరుతో పిలవండి. వాళ్ళ భాషలో అన్నాన్ని ఏమంటారో అడిగి నేర్చుకోండి. ఏ రోజిస్తారో మీరే చూసుకోండి. మా ఇంట్లో ఆదివారం ఇచ్చేశాం.